జనం వచ్చారు, ఇండియా ఆర్ బ్యాటింగ్

మీ ప్రశ్న – ఇంగ్లీషు మేడం జవాబు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది ధర్మవరం, మగ్గం పని. నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసినాను. మా పాప తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. పోయిన నెల పరీక్షలో ఇంటి గురించి పేరా రాయమంటే ‘మై ఫ్యామిలీ ఆర్ వీవర్స్’ అని మొదలుపెట్టింది. వాళ్ల టీచర్ ‘ఆర్’ కొట్టేసి ‘ఈజ్’ అని రాసి అర మార్కు తీసేసినారు. ఫ్యామిలీ అంటే ఒకటే కాబట్టి ఈజ్ రావాలంట. పాప సరేనంది. ఆ రాత్రే టీవీలో మ్యాచ్ చూస్తుంటే ‘ఇండియా ఆర్ 180 ఫర్ 4’ అన్నారు. ‘నాన్నా, ఇండియా కూడా ఒకటే కదా, మరి ఆయన ఆర్ అన్నాడే?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాప రాసింది తప్పా, ఒప్పా? నోటుబుక్కు పేజీ జిరాక్స్ పంపుతున్నాను.

జవాబు: మీ పాప రాసింది తప్పు కాదు. దిద్దిన వాక్యమే ఇబ్బందిగా ఉంది.

మీరు పంపిన పేజీని టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. జిరాక్స్ కాబట్టి ఎర్ర ఇంకు కూడా నల్లగానే పడింది. అయినా గీత ఎంత గట్టిగా గీశారో తెలుస్తోంది, కాగితం ఆ చోట కొంచెం చిరిగినట్టుంది. పాప అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. దిద్దుబాటు తర్వాత ఆ వాక్యం ‘మై ఫ్యామిలీ ఈజ్ వీవర్స్’ అయింది. ఒకసారి పైకి చదవండి. ముందు ‘ఈజ్’ అని ఒకరి లెక్క చెప్పి, వెంటనే ‘వీవర్స్’ అని పలువురి లెక్క చెబుతోంది. తెలుగులో ‘మా కుటుంబం నేతగాళ్లుగా ఉంది’ అన్నట్టు. ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లు ఇలాంటి చోట ‘మై ఫ్యామిలీ ఆర్ వీవర్స్’ అని ఏ సందేహమూ లేకుండా రాస్తారు. పాప ఆ మాట రాసేటప్పుడు కళ్ల ముందు మీరు, వాళ్లమ్మ, తాత, అవ్వ, ఎవరి పని వాళ్లు చేస్తూ కనిపించి ఉంటారు. అందుకే చేతికి ‘ఆర్’ వచ్చింది.

ఇంగ్లీషులో క్రియ కర్తతో పొంతన కుదుర్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి మాట రూపాన్ని చూడటం. మాట ఏకవచనంలో ఉంటే క్రియ కూడా ఏకవచనం. దీన్ని గ్రమాటికల్ అగ్రిమెంట్ అంటారు. మన బడుల్లో చెప్పేది ఎక్కువగా ఇదే. రెండోది ఆ మాట పలికేటప్పుడు మనసులో ఏముందో చూడటం. మాట ఒకటే అయినా మనసులో పదిమంది ఉంటే క్రియ పదిమందికి తగ్గట్టు వస్తుంది. దీన్ని నోషనల్ అగ్రిమెంట్ అంటారు. రాండల్ఫ్ క్వర్క్, మరో ముగ్గురు పండితులు కలిసి 1985లో ప్రచురించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి వివరించారు. రెండోదాన్ని తప్పుల కింద జమ కట్టలేదు. అది కూడా భాష నడిచే పద్ధతే.

ఇది మనకు కొత్తేమీ కాదు. తెలుగులో పొద్దున లేచినప్పటి నుంచీ ఇదే చేస్తున్నాం. ‘జనం’ అనే మాట తీసుకోండి. దాని చివర ‘లు’ లేదు, రూపం ఏకవచనం. అయినా ‘కదిరి తేరుకు జనం బాగా వచ్చారు’ అంటాం. ‘జనం వచ్చింది’ అని మన నోట రాదు. బియ్యం కూడా అంతే. డబ్బాలో చెయ్యి పెట్టి చూసి మా అమ్మ ‘బియ్యం అయిపోయాయి’ అనేది. మాట రూపంలో బహువచనం ఎక్కడా లేదు, గింజలు మాత్రం వేలు. క్రియ గింజలను చూసింది, మాటను చూడలేదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే ‘ఊరంతా’ అనే మాట ఉంది. ‘తేరు లాగడానికి ఊరంతా వచ్చారు’ అంటాం. అదే ఊరి గురించి ‘తొమ్మిది గంటలకే ఊరంతా సద్దుమణిగింది’ అంటాం. మొదటి వాక్యంలో తాడు పట్టుకున్న మనుషులు కనిపిస్తున్నారు. రెండో వాక్యంలో మనుషులు కనిపించరు, దీపాలు ఆరిన ఊరు ఒక్కటే కనిపిస్తుంది. ఈ తేడా మనకు ఎవరూ నేర్పలేదు, ఏ పరీక్షలోనూ అడగలేదు. అయినా ఎవరూ తప్పరు. మీకు మీ పని నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. మడత పెట్టి అరలో ఉంచితే చీర ఒకటే. మగ్గం మీద పోగు తెగినప్పుడు మీ కంటికి చీర కనిపించదు, పోగులే కనిపిస్తాయి. ఫ్యామిలీ, టీమ్, కమిటీ, స్టాఫ్, క్రౌడ్, గవర్నమెంట్ లాంటి ఇంగ్లీషు మాటలన్నీ ఇలాంటివే. చూసే దూరాన్ని బట్టి ఒకటిగానూ ఉంటాయి, పలువురుగానూ ఉంటాయి.

ఇక పాప అడిగిన ‘ఇండియా ఆర్’ సంగతి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో జరిగాయి కదా. మా మనవడు పట్టుబడితే ఒకరోజు వెళ్లాను. ఆ ఏడాది జట్ల పేర్లు ఇండియా ఏ, ఇండియా బి, ఇండియా సి, ఇండియా డి. పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్‌లో ఇంగ్లీషు కామెంటరీ పెట్టుకుని వింటున్నాడు. ‘ఇండియా సి ఆర్ బ్యాటింగ్’ అని వినపడగానే మావాడు నా మోచెయ్యి లాగి ‘అవ్వా, ఇండియా సి అంటే ఒక టీమే కదా, ఆర్ అంటాడేంది?’ అన్నాడు. మీ పాప ప్రశ్నే. ‘గ్రౌండ్‌లోకి చూడు, ఎంతమంది కనిపిస్తున్నారు?’ అన్నాను. వాడు వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ‘మరి ఇండియా మ్యాప్ గోడ మీద చూసినప్పుడు ఎన్ని ఇండియాలు కనిపిస్తాయి?’ అన్నాను. ‘ఒకటే’ అన్నాడు. ఇంక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

దేశం గురించి మాట్లాడితే ‘ఇండియా ఈజ్ ఎ బిగ్ కంట్రీ’. క్రికెట్ జట్టు గురించి మాట్లాడితే ‘ఇండియా ఆర్ 180 ఫర్ 4’. మాట అదే, మనసులో ఉన్నది వేరు. క్రికెట్ భాష ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగింది కాబట్టి కామెంటరీలో ఈ పద్ధతి స్థిరపడిపోయింది. అమెరికావాళ్లు మాత్రం ఇలాంటి చోట ఎక్కువగా రూపాన్నే పట్టుకుంటారు. ‘ద టీమ్ ఈజ్’, ‘ద గవర్నమెంట్ హ్యాజ్’, ‘ద కమిటీ హ్యాజ్’ అంటారు. బ్రిటన్‌లో ‘ద గవర్నమెంట్ హ్యాజ్’ కూడా వినిపిస్తుంది, ‘ద గవర్నమెంట్ హ్యావ్’ కూడా వినిపిస్తుంది. మన పిల్లలు ఈ రెండు ఇంగ్లీషులనూ రోజూ వింటున్నారు. సినిమాలు, యూట్యూబ్ అమెరికాది. క్రికెట్ బ్రిటన్ పద్ధతిది. బడిలో టీచర్ చెప్పేది మూడోది. పిల్లలకు టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

అయితే పాపకు ఒక మాట చెప్పండి. మనసులో ఏముంటే అది రాసేయవచ్చని కాదు. కొన్ని మాటలకు వెసులుబాటు ఉండదు. ‘పోలీస్’ ఎప్పుడూ ‘ఆర్’ తోనే వస్తుంది. ‘ద పోలీస్ హ్యావ్ కమ్’ అనాలి, బ్రిటన్‌లో అయినా అమెరికాలో అయినా. ఒక్క మనిషే వస్తే ‘ఎ పోలీస్ ఆఫీసర్’ అనాలి. ‘క్యాటిల్’ అంటే పశువులు, అది కూడా ఎప్పుడూ ‘ఆర్’. ఇంకోవైపు ‘న్యూస్’, ‘మ్యాథమాటిక్స్’ చివర ఎస్ ఉన్నా ‘ఈజ్’ తోనే వస్తాయి. ఇక ఫ్యామిలీ, టీమ్ లాంటి మాటలకు ముందు మాత్రం ‘దిస్’ అనే అనాలి, ‘దీస్ ఫ్యామిలీ’ అనకూడదు. మాట ముందు వచ్చేవి రూపాన్నే పట్టుకుంటాయి. క్రియకు, సర్వనామానికి మాత్రమే ఆ స్వేచ్ఛ ఉంది.

ఒక్కోసారి ‘ఈజ్’, ‘ఆర్’ మార్చితే అర్థమే మారిపోతుంది. ‘ద ఫ్యామిలీ ఈజ్ బిగ్’ అంటే ఇంట్లో మనుషులు ఎక్కువ, పెద్ద కుటుంబం. ‘ద ఫ్యామిలీ ఆర్ బిగ్’ అంటే ఇంట్లో ఒక్కొక్కరూ ఒళ్లు చేసినవాళ్లు అని వినిపిస్తుంది. కాబట్టి కుటుంబం సైజు, వయసు, పేరు, చరిత్ర చెప్పేటప్పుడు ‘ఈజ్’ రాయమనండి. మనుషులు చేసే పని, వాళ్ల అభిప్రాయాలు, గొడవలు చెప్పేటప్పుడు ‘ఆర్’ సహజంగా వస్తుంది. ‘ద కమిటీ వర్ ఆర్గ్యూయింగ్’ అన్నప్పుడు ఒకరితో ఒకరు వాదించుకుంటున్నారని తెలుస్తోంది. కమిటీ ఒక్కటే అయితే దేనితో వాదిస్తుంది?

ఇంకొకటి. ఒక వాక్యంలో ఒక దారి పట్టుకుంటే చివరిదాకా దాని మీదే పోవాలి. ‘ద టీమ్ హ్యాజ్ లాస్ట్ ఇట్స్ కెప్టెన్’ అనండి, లేదా ‘ద టీమ్ హ్యావ్ లాస్ట్ దెయిర్ కెప్టెన్’ అనండి. సగంలో దారి మార్చితే పరీక్షలో దిద్దేవాళ్లకు అది అజాగ్రత్తగా కనిపిస్తుంది, ఆ దిద్దుబాటును నేను తప్పుపట్టను.

ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు రెండు సంగతులు గుర్తొస్తాయి, మీరు అడగకపోయినా చెబుతాను. అమెరికా పేరు ‘యునైటెడ్ స్టేట్స్’, చివర ఎస్ ఉంది. 1787లో రాసిన వాళ్ల రాజ్యాంగంలో దేశద్రోహం గురించి చెప్పే చోట ఆ దేశాన్ని ‘దెమ్’, ‘దెయిర్’ అని బహువచనంలోనే పిలిచారు. అప్పటికి వాళ్ల మనసులో ఉన్నది కలిసి నిలబడిన కొన్ని రాష్ట్రాలు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలో కూడా ‘దెయిర్’ అనే ఉంది. ఇప్పుడు అమెరికన్లు ‘ద యునైటెడ్ స్టేట్స్ ఈజ్’ అంటారు. పేరులో ఒక్క అక్షరం మారలేదు, క్రియ మారింది. మనసులో పలు రాష్ట్రాలు పోయి ఒక దేశం వచ్చి కూర్చుంది.

రెండోది మన సీమ కథ. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పుడు పడిన పేరు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, తెలుగులో దత్తమండలాలు. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన జిల్లాలు అని దాని అర్థం. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. అది నిలబడిపోయింది. ‘దత్తమండలాలు వెనుకబడ్డాయి’ అనేవాళ్లం, ‘రాయలసీమ వెనుకబడింది’ అనడం మొదలుపెట్టాం. అమెరికాలో పేరు ఉండగానే క్రియ మారింది. ఇక్కడ పేరుతో పాటు క్రియ మారింది. రెండు చోట్లా విడివిడి జిల్లాలు, విడివిడి రాష్ట్రాలు జనం మనసులో ఒకటయ్యాయి. ఇది నేను పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. సిలబస్‌లో లేకపోయినా చెప్పేదాన్ని. సీమ పిల్లలకు ఈ మాట తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

మీ పాప టీచర్ గురించి కూడా రెండు మాటలు. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు. నేను 32 ఏళ్లు ఈ జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను. ఒక అబ్బాయి ‘ద క్రౌడ్ వర్ షౌటింగ్’ అని రాశాడు. ‘వర్’ కొట్టేసి ‘వాజ్’ రాశాను. ఆ అబ్బాయి పేపరు పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ‘మేడం, ఎక్కడో చదివినాను, వర్ అనే ఉండె’ అన్నాడు. ఎక్కడ అని అడిగితే చెప్పలేకపోయాడు. వెళ్లి కూర్చోమన్నాను. మరుసటి ఏడాది నాన్‌డీటెయిల్డ్ పుస్తకం చదివిస్తుంటే ఒక పేజీలో అచ్చంగా ‘ద క్రౌడ్ వర్’ అని కనిపించింది. అప్పటికి వాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. వాడికి పోయింది అర మార్కే. కానీ చదివినదాన్ని గుర్తుపెట్టుకుని, ధైర్యం చేసి అడిగిన పిల్లవాడిని నేను వినకుండా పంపించాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అసలు కారణం అదే.

ఇంకో రకం తప్పు కూడా చాలా ఏళ్లు ఆలోచించకుండా కొట్టేశాను. ‘అవర్ హెడ్మాస్టర్ ఆర్ వెరీ స్ట్రిక్ట్’ అని పిల్లలు రాసేవాళ్లు. ఇంగ్లీషులో అది తప్పే, ‘ఈజ్’ రావాలి. కానీ పిల్ల ఎందుకు అలా రాసింది? తెలుగులో ‘హెడ్మాస్టర్ గారు వచ్చింది’ అనం, ‘వచ్చాడు’ అనడానికి నోరు రాదు, ‘వచ్చారు’ అంటాం. ఒక్క మనిషికి మర్యాద కోసం బహువచనం. ఆ పిల్ల ఇంగ్లీషులో కూడా మర్యాద ఇచ్చింది. ఇంగ్లీషుకూ ఒకప్పుడు ఈ మర్యాద తెలుసు. ఒక్క మనిషిని ‘దౌ’ అనేవాళ్లు, దానికి క్రియ ‘ఆర్ట్’. పలువురికి వాడే ‘యూ’ను పెద్దవాళ్లకు గౌరవంగా వాడుతూ వాడుతూ అందరికీ అదే మిగిలింది. అందుకే ఎదురుగా ఉన్నది ఒక్కరే అయినా ఈరోజు ‘యూ ఆర్’ అంటాం, ‘యూ ఈజ్’ అనం. ఈ సంగతి చెప్పి, తర్వాత ‘ఈజ్’ అని దిద్దితే పిల్ల మళ్లీ ఆ తప్పు చేయదు. ఉత్తి ఎర్ర గీతతో ఆ పని జరగదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, పాపనే టీచర్ దగ్గరికి పంపండి, మీరు వెళ్లొద్దు. క్లాసు అయిపోయాక, నలుగురిలో కాకుండా అడగమనండి. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలోనే సమూహాన్ని ఒకటిగా చూస్తే ఏకవచన క్రియ, అందులోని మనుషులను విడివిడిగా చూస్తే బహువచన క్రియ అని ఉంది. ఆ పేజీ తీసుకెళ్లమనండి. మార్కు కలపకపోయినా ఫరవాలేదు. పబ్లిక్ పరీక్షల్లో మాత్రం ఇలాంటి మాటలు గ్రామర్ ప్రశ్నల్లో వస్తే, వాక్యంలో మనుషులు విడివిడిగా ఉన్నట్టు గుర్తు ఏదీ లేకపోతే, ‘ఈజ్’ పెట్టమనండి. దిద్దేవాళ్లు ఎక్కువగా ఎదురుచూసేది అదే. పేరా రాసేటప్పుడు సందేహం వస్తే వాక్యం తిప్పుకోవచ్చు. ‘వి ఆర్ ఎ ఫ్యామిలీ ఆఫ్ వీవర్స్’ అని రాస్తే దానికి వంక పెట్టేవాళ్లు ఉండరు. అయినా పాప మొదట రాసిన వాక్యమే నాకు ఎక్కువ నచ్చింది. అందులో మీ ఇంట్లో అందరూ ఉన్నారు.

ప్రశ్న: నేను కదిరిలో ఉంటూ డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ తర్వాత ఆర్, ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ తర్వాత ఈజ్ అని బట్టీ పట్టాను కానీ ఎందుకో అర్థం కాలేదు. ‘ఎవ్రీవన్’ తర్వాత కూడా ఎప్పుడూ ‘హ్యావ్’ అనే నోటికొస్తోంది. ‘నైదర్, నార్’ అంటే ఇంకా భయం.

జవాబు: బట్టీ అక్కర్లేదమ్మా. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే ‘చాలామంది విద్యార్థులు’. అక్కడ నంబర్ అనే మాట ఉన్నా అంకె గురించి ఎవరూ ఆలోచించరు, పిల్లలే మనసులో ఉంటారు. కాబట్టి ఆర్. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే ‘విద్యార్థుల సంఖ్య’. సంఖ్య ఒకటే. కాబట్టి ఈజ్. తెలుగులో చెప్పుకుంటే క్రియ దానంతట అదే వస్తుంది: ‘చాలామంది వచ్చారు’, ‘సంఖ్య పెరిగింది’.

కానీ ఎవ్రీవన్ దగ్గర ఇదే తెలుగు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తోంది. ‘ప్రతి ఒక్కరూ వచ్చారు’ అనేది మనకు బహువచనం, ఆ అలవాటులో ‘ఎవ్రీవన్ హ్యావ్ కమ్’ అని వస్తుంది. ఇంగ్లీషు అక్కడ ‘వన్’ను పట్టుకుని కూర్చుంటుంది, ‘ఎవ్రీవన్ హ్యాజ్ కమ్’. ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’ కూడా ‘హ్యాజ్’ తోనే. సర్వనామం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఎవ్రీవన్ హ్యాజ్ టేకెన్ దెయిర్ సీట్’ అని వాళ్లే అంటారు. క్రియ రూపం వైపు నిలబడితే సర్వనామం మనుషుల వైపు వెళ్లింది. నీళ్లు, పాలు దగ్గర కూడా జాగ్రత్త. మనకు ‘నీళ్లు వచ్చాయి’, ‘పాలు విరిగాయి’. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ లెక్కపెట్టలేనివి, ఏకవచనం. కొళాయి తిప్పగానే ‘వాటర్ ఆర్ కమింగ్’ అన్న పిల్లలను నేను ఎంతమందినో చూశాను. మీరు టీచర్ అయ్యాక మీకూ ఎదురవుతారు. కొట్టేసే ముందు కారణం చెప్పండి.

‘నైదర్, నార్’ ఉన్నప్పుడు క్రియ తనకు దగ్గరగా ఉన్న మాటను చూస్తుంది. ‘నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ ప్రెజెంట్’. స్టూడెంట్స్ పక్కన ఉన్నారు కాబట్టి ‘వర్’. తిప్పి రాస్తే ‘నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద టీచర్ వాజ్ ప్రెజెంట్’. బహువచనాన్ని రెండో చోట పెట్టుకుంటే వినడానికి బాగుంటుంది. ‘నన్ ఆఫ్ దెమ్’ తర్వాత ఈజ్, ఆర్ రెండూ సరైనవే. మీ బిట్ పేపర్లో ఆప్షన్లు చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: గుత్తి దగ్గర హైవే పక్కన మాకు టిఫిన్ హోటల్ ఉంది. బెంగళూరు, హైదరాబాద్ కార్లు ఆగుతాయి. ఇంగ్లీషు బోర్డు పెట్టించాలి. ‘ఉగ్గాని అండ్ బజ్జి ఈజ్ 50 రూపీస్’ అనాలా, ‘ఆర్’ అనాలా? మా అబ్బాయి ఆర్ అంటాడు, పెయింటర్ ఈజ్ అంటాడు.

జవాబు: పెయింటర్ చెప్పింది రాయించండి. మీ హోటల్లో ఉగ్గాని, బజ్జి ఒకే ప్లేటులో వస్తాయి, ఒకే టిఫిన్, ఒకే ధర. ఇంగ్లీషువాళ్లు ‘బ్రెడ్ అండ్ బటర్ ఈజ్’ అనేది కూడా ఇందుకే. మధ్యలో అండ్ ఉన్నా ప్లేటు ఒకటే. అవే రెండూ విడిగా అమ్మితే, విడి ధరలుంటే, మీ అబ్బాయి మాట సరైనది. యాభై రూపాయలు కూడా ఇంగ్లీషులో మొత్తంగా ఒకటే. ‘ఫిఫ్టీ రూపీస్ ఈజ్ ఇనఫ్’ అంటారు, మనం ‘యాభై పోయాయి’ అన్నట్టు బహువచనం వాడరు. కౌంటర్ మీద పది రూపాయల నాణేలు ఐదు పరిచి ఉంటే మాత్రం నాణేలకు ‘ఆర్’.

ఇంకో మాట. బోర్డు మీద క్రియ అవసరమే లేదు. ‘ఉగ్గాని – బజ్జి, 50 రూపీస్’ అని పెద్ద అక్షరాల్లో రాయిస్తే కారులోంచి చదివేవాళ్లకు సులువు. కింద ‘బొరుగులతో చేసేది’ అని ఇంగ్లీషులో చిన్నగా ఒక లైను పెట్టించండి. బెంగళూరువాళ్లకు అర్థమైనా హైదరాబాద్‌వాళ్లు ఉగ్గాని అంటే ఏంటని అడుగుతారు.